పెద్దల్లుడు పెట్టని రూలు

సోమవారం పొద్దున కంప్యూటరు తెరవగానే పెద్దల్లుడికి ఎర్ర అక్షరాలు కనిపించాయి. శనివారం బ్యాకప్పు విఫలం. ఆదివారం బ్యాకప్పు విఫలం. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. అక్షరాలు ఎర్రగానే ఉన్నాయి.

ఆసుపత్రిలో ఆయన్ని పెద్దల్లుడని ఎవరూ పిలవరు. ఇక్కడ ఆయన బ్యాకప్పు బాబాయి. రోజంతా తీసిన స్కాన్లన్నీ సర్వరు గదిలో ఉన్న ఒక నిల్వపెట్టెలో చేరతాయి. ఏ రోజుకారోజు వాటికి నకలు తీసి పక్క భవనంలో యంత్రంలో దాచడం ఆయన పని. పెట్టె పాడైనా నకలుంటుంది. పాడవకపోతే మాత్రం ఆ నకలు తీసే మనిషొకడున్నాడని ఎవరికీ గుర్తే రాదు. అదీ ఈ ఉద్యోగంతో వచ్చిన చిక్కు.

పెద్దల్లుడన్నది ఇంటి పేరు. పెద్దల్లుడున్నాడంటే చిన్నల్లుడూ ఉంటాడు కదా! ఉన్నాడు. ఎక్కడో కాదు, ఇదే ఆసుపత్రిలో, ఇదే అంతస్తులో, కిటికీ ఉన్న గదిలో ఉన్నాడు. పెద్దల్లుడి గదికి కిటికీ లేదు. సర్వర్ల భద్రత చూసే మనిషి కావాలని ఆసుపత్రివాళ్ళు వెతుకుతుంటే, "మా మరిదికి ఇప్పించకూడదా, చెల్లెలు ఎంత బెంగపడుతోందో" అని భార్య పోరు పెట్టింది. పెద్దల్లుడే వెళ్ళి పెద్ద డాక్టరుకి సిఫార్సు చేశాడు. తన నోటితో తనే చెప్పాడు! ఇప్పుడు తలుచుకుంటే ఆ నోటికి తాళం వేసుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే అతనికి ఉద్యోగం ఇంకా ఖాయమైనా కాలేదు, అప్పుడే అందరూ సార్, సార్ అంటున్నారు. ఈయన జుట్టు నెరిసినా బాబాయే. క్యాంటీన్ ఆయన మొదటి టీ ఇదివరకు ఈ బల్ల మీద పెట్టేవాడు. ఇప్పుడు కిటికీ గదిలోకి వెళ్ళి, అక్కడ నాలుగు కబుర్లు చెప్పి, మీగడ కట్టాక ఇటు తెస్తున్నాడు. అత్తగారి సంగతి చెప్పనే అక్కర్లేదు. "మా చిన్నల్లుడు" అనేటప్పుడు ఆవిడ గొంతులో తేనె కారుతుంది. "పెద్దల్లుడు కూడా వచ్చాడా" అనేటప్పుడు అది ఎక్కడికి పోతుందో ఆవిడకే తెలియాలి.

సరే, ఎర్ర అక్షరాలు. పెద్దల్లుడు కొక్కేనికి వేలాడే స్వెటరు తొడుక్కుని సర్వరు గదిలోకి వెళ్ళాడు. అక్కడ ఏ కాలమైనా చలే. కేబుళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని, బిగువుగా ఉందో లేదో వేలితో నొక్కి చూశాడు. పక్క భవనం యంత్రంలో చోటుందా? బోలెడంత ఉంది. పాస్‌వర్డు గడువు తీరిందా? లేదు. చేత్తో బ్యాకప్పు మొదలుపెడితే బుద్ధిగా మొదలైంది, పచ్చగీత కాస్త దూరం పాకింది, ఆగింది. అనుమతి లేదు అంది. ఎవరి అనుమతి, దేనికి అనుమతి, అది చెప్పదు.

సాఫ్టువేరు కంపెనీకి ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తింది.

"సార్, ఒకసారి రీస్టార్ట్ చేసి చూశారా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తున్నానమ్మా."

"ఇప్పుడు మళ్ళీ ఒకసారి చేస్తారా సార్?"

చేశాడు. మళ్ళీ అక్కడే ఆగింది. సాఫ్టువేరు మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించాడు. మళ్ళీ అక్కడే. చొక్కా వీపుకి అంటుకుంది, ఆ చలిలో కూడా.

తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. చిన్నల్లుడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఆ మొదటి టీ.

"అన్నయ్యా, బ్యాకప్పు ఆగిందట కదా. శనివారం సాయంత్రం నేను కొత్త భద్రతా పాలసీ పెట్టాను. అదేమైనా అడ్డొస్తోందా? చూడమంటారా?"

"అక్కర్లేదు. నా సంగతి నేను చూసుకుంటాలే."

"అది కాదన్నయ్యా, రెండు నిమిషాల పని..."

"చూసుకుంటానన్నానా?"

అతను టీ గ్లాసు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని వెళ్ళిపోయాడు. రెండు నిమిషాల పనట! తను పొద్దున్నుంచీ తల బద్దలు కొట్టుకుంటున్నది ఆయనగారికి రెండు నిమిషాల పని. పెద్దల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఆ మనిషి మాటలో విషయం ఉందని మెదడు గ్రహించకపోలేదు. ఏ ప్రోగ్రాము నడిచింది, దేన్ని ఆపేశారు అన్నది సర్వరు తనంతట తనే రాసిపెట్టుకుంటుంది. అది తెరిచాడు. శనివారం సాయంత్రం నుంచి ఒకటే గోల. ఆపబడింది, ఆపబడింది, ఆపబడింది.

దొరికింది. ఈ బ్యాకప్పు సాఫ్టువేరుకి ఒక పాత అలవాటుంది. నడిచిన ప్రతిసారీ తన సహాయానికి ఓ చిన్న ప్రోగ్రాముని తాత్కాలిక ఫోల్డరులో విప్పుకుంటుంది, దానికి రోజుకో కొత్త పేరు పెడుతుంది, పని కాగానే చెరిపేస్తుంది. వైరసులు చేసేదీ అచ్చం అలాగే. అందుకని కొత్త పాలసీ ఆ ఫోల్డరులోంచి ఏదీ నడవకూడదని కట్టడి చేసింది. దొంగ కోసం వేసిన గడియ ఇంట్లోవాళ్ళకి పడింది.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. పాలసీ పెట్టేముందు జరిగిన మీటింగులో చిన్నల్లుడు అడిగాడు, "అన్నయ్యా, మీ బ్యాకప్పు కోసం ప్రత్యేకంగా ఏమైనా వదలాలా?" అని. పెద్దల్లుడు గోడవైపు చూస్తూ, "మాదేముందిలే, మూలన పడుండే పని. మీ గొప్ప గొప్పవి చూసుకోండి" అన్నాడు. ఎత్తిపొడిచాననుకున్నాడు. అవతలివాడు దాన్ని జవాబనుకున్నాడు.

పాలసీల తెర తెరిచే హక్కు పెద్దల్లుడికీ ఉంది. "అన్నయ్యకీ ఉండాలి" అని చిన్నల్లుడే ఇప్పించాడు. మినహాయింపు రూలు రాయడానికి కూర్చున్నాడు. సులువుగా చేసేవాడైతే ఆ ఫోల్డరు మొత్తాన్ని వదిలేస్తాడు, అప్పుడు నిజం వైరసులు కూడా దర్జాగా దూరతాయి. పెద్దల్లుడు అలా చెయ్యలేదు. బ్యాకప్పు కంపెనీ తన ప్రోగ్రాములన్నిటి మీదా వేసే డిజిటల్ సంతకాన్ని పట్టుకున్నాడు. ఆ సంతకం ఉన్నది మాత్రమే, ఆ ఒక్క సర్వరులో మాత్రమే, ఆ బ్యాకప్పు పిలిస్తే మాత్రమే నడవాలి. ఒక్కో షరతూ రాసి, చదివి, చెరిపి, మళ్ళీ రాశాడు. మూల బల్ల మీద పాత సర్వరొకటి ఉంటే, ముందు పరీక్షకి దాని పేరు రాసి, దాని మీద పెట్టి చూశాడు. పచ్చగీత ఆగకుండా చివరిదాకా పోయింది. ఎవరూ లేని గదిలో "హమ్మయ్య" అని పైకే అన్నాడు.

ఇక "అమలు చేయి" అన్న మీట నొక్కితే అయిపోతుంది. వేలు దాని మీదే ఉంది.

అప్పుడు అద్దం తలుపు అవతల నవ్వు వినిపించింది. పెద్ద డాక్టరు చిన్నల్లుడి భుజం మీద చెయ్యేసి నడుస్తున్నాడు. ఏదో చెబుతున్నాడు, ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. ఇన్నేళ్ళలో పెద్ద డాక్టరు ఈయన భుజం మీద చెయ్యెప్పుడైనా వేశాడా? ఈయన పేరైనా గుర్తుందా ఆయనకి? ఇప్పుడీ మీట నొక్కితే ఏమవుతుంది? ఏమీ అవదు. బ్యాకప్పు నడుస్తుంది, ఎవరికీ తెలీదు, ఆ నవ్వులు నవ్వులుగానే ఉంటాయి.

గురువారం మీటింగుంది. పెద్ద డాక్టరుంటాడు, విభాగాల వాళ్ళంతా ఉంటారు. అందరి ముందూ లేచి, "అయ్యా, మీరు నెత్తిన పెట్టుకున్న మనిషి పాలసీ ఆసుపత్రి బ్యాకప్పులనే ఆపేసింది. సోమవారమే నేను కనిపెట్టాను, ఇదిగో మందు" అంటే? అప్పుడు తెలుస్తుంది ఎవరు సారో, ఎవరు బాబాయో. అంతవరకూ బ్యాకప్పు లేకపోతే మాత్రం ఏం కొంప మునిగింది? పెట్టె ఎప్పుడైనా పాడైందా?

వేలు పక్కకి జరిపి "డ్రాఫ్టుగా దాచు" అన్నది నొక్కాడు.

మంగళవారం పెద్దల్లుడు ఏనాడూ లేనంత హుషారుగా ఉన్నాడు. స్నానం చేస్తూ గురువారం మాట్లాడాల్సిన మాటలు వల్లించుకున్నాడు. భార్య బయటినుంచి, "ఎవరితోనండీ మాటలు?" అని అరిచింది.

"నీ మరిదితో!"

"వాడు ఎదురుగా ఉన్నప్పుడు ముక్తసరిగా మాట్లాడతారు, నీళ్ళగదిలో మాత్రం ఉపన్యాసాలా? మీ కడుపుమంటకి మందెక్కడుందో గానీ..."

"నాకేం కడుపుమంట? నాకేం తక్కువని?"

"అదే నేనూ అడుగుతున్నాను" అంది ఆవిడ, తువ్వాలు తలుపు మీద పడేసి.

బుధవారం మధ్యాహ్నం, అందరూ భోజనాల దగ్గరుండగా, సర్వరు గదిలోంచి కీచుమని అరుపు మొదలైంది. పెద్దల్లుడు చేతిలో ముద్ద వదిలేసి పరిగెత్తాడు. నిల్వపెట్టెలో ఒక డిస్కు మీద నారింజ రంగు దీపం. ఒకటి పోయినా ఫర్వాలేదు, పెట్టె తట్టుకుంటుంది. కొత్త డిస్కు తెచ్చి అట్ట విప్పుతుండగానే పక్క డిస్కు మీద కూడా దీపం వెలిగింది, వెనకే మరొకటి. అరుపు ఆగిపోయింది. అరుస్తున్నప్పటికంటే ఆ నిశ్శబ్దమే చెడ్డది, పెట్టె పూర్తిగా పోయిందన్నమాట.

అప్పుడు పనిచేశాడు చూడండి! ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. కుర్చీలో కూర్చోలేదు, ఫోనెత్తలేదు. కొత్త డిస్కులు బిగించి, పక్క భవనం నుంచి నకళ్ళు వెనక్కి పారించాడు. ఏళ్ళ తరబడి స్కాన్లు ఒక్కొక్క వరసే తిరిగొచ్చాయి. డాక్టర్లు తలుపు దగ్గర గుంపుగా నిలబడి, "బాబాయి లేకపోతే ఏమయ్యేవాళ్ళం!" అన్నారు. టీ ఆయన అడక్కుండానే టీ తెచ్చి పెట్టాడు, మీగడ కట్టకుండా. పెద్దల్లుడు దాన్ని ముట్టుకోలేదు.

ఎందుకంటే వచ్చిన వరసలు శుక్రవారంతో ఆగిపోయాయి. శనివారం నుంచి నకలు లేదు. కొత్త స్కానింగ్ యంత్రంలో తీసినవి దాని కడుపులోనే కొన్నాళ్ళు ఉంటాయి, అవి దొరికాయి. పాత యంత్రంలో చోటు తక్కువ, పెట్టెకి పంపగానే చెరిపేసుకుంటుంది. దానిలో తీసినవాళ్ళ స్కాన్లు ఇక లేవు. వాళ్ళందరికీ మళ్ళీ రమ్మని ఫోన్లు వెళ్ళాయి.

గురువారం పొద్దున స్కానింగ్ గది బయట బెంచీ నిండిపోయింది. చివర ఒక బస్సు డ్రైవరు, ఖాకీ చొక్కా మీద శాలువా కప్పుకుని, కూతురి భుజానికి ఆనుకుని కూర్చున్నాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నర్సుతో ఆ అమ్మాయి గొడవపడుతోంది.

"మంగళవారమే కదండీ తీశారు! స్కానుకి ముందిచ్చిన ఆ ఇంజక్షనుకి ఇంటికెళ్ళేదాకా వాంతులే. మళ్ళీ అదే చేస్తామంటే ఎలా?"

"సర్వరు పాడైందమ్మా, నేనేం చేసేది? ఆపరేషనుకి అది కావాలి."

"పోనీలేవే, యంత్రమన్నాక పాడవదా?" అన్నాడు డ్రైవరు. అటుగా వెళ్తున్న పెద్దల్లుడి మెడలో కార్డు చూసి, "కంప్యూటర్లు చూసేది మీరేనా సార్? నిన్నంతా మీరు తిండి కూడా తినలేదట, నర్సమ్మ చెప్పింది. మీరు మాత్రం ఏం చేస్తారు?" అన్నాడు.

సార్ అన్నాడు. ఆ మాట కోసం ఎన్నాళ్ళు మొహం వాచి ఉన్నాడో! పెద్దల్లుడు తలూపాననుకున్నాడు, ఊపాడో లేదో తెలీదు. మీటింగు గదిలోకి వెళ్ళాడు.

పెద్ద డాక్టరు ముందుగానే మండిపడుతున్నాడు. "బ్యాకప్పు ఎందుకు లేదు? నాకు అర్థమయ్యేలా చెప్పండి."

పెద్దల్లుడు లేచాడు. వల్లించుకున్న మాటలన్నీ ఉన్నాయి. కొత్త పాలసీ గురించి చెప్పాడు, ఆపబడింది, ఆపబడింది అన్న వరసలు గోడమీద తెరకెక్కించి చూపించాడు. గదిలో తలకాయలన్నీ చిన్నల్లుడి వైపు తిరిగాయి. అచ్చం ఊహించుకున్నట్టే తిరిగాయి.

"మీకీ సంగతి ఎప్పుడు తెలిసింది?" అన్నాడు పెద్ద డాక్టరు.

సోమవారమన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నీళ్ళగదిలో ఆ మాటని ఎంత గట్టిగా పలికాడు! ఇప్పుడది బయటికొస్తే ఆ బెంచీ మొత్తం లేచొచ్చి మీద పడుతుంది.

"నిన్ననండి. డిస్కులు పోయాక, ఎందుకని వెతికితే..."

చిన్నల్లుడు తల ఎత్తి ఆయన్ని చూశాడు. తర్వాత తన గోళ్ళు చూసుకున్నాడు.

"నువ్వేమంటావయ్యా?"

"పాలసీ నాదే సార్. పెట్టేముందు బ్యాకప్పు ఒకసారి నడిపి చూసుకోవాల్సింది. చూడలేదు. తప్పు నాదే."

పెద్ద డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు. ఉద్యోగం ఖాయం చేసే సంగతి ఇక మర్చిపొమ్మన్నాడు. నెలాఖరుకల్లా వేరే చోటు చూసుకోమన్నాడు. తాళాలు, పాస్‌వర్డులు, భద్రత పని మొత్తం రేపే ఈయనకి అప్పగించమన్నాడు. వెళ్తూ వెళ్తూ పెద్దల్లుడి భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి బరువుగా ఉంది.

సాయంత్రం ఇంటికెళ్ళాడు. భార్య పళ్ళెం పెట్టి, ఎదురుగా కూర్చుని, "చెల్లెలు ఏడుస్తోంది" అంది. అంతలో ఫోను మోగింది. అత్తగారు. ఆవిడ ఎప్పుడూ కూతురికే చేస్తుంది, ఈయనకి చెయ్యదు.

"నాయనా పెద్దల్లుడూ," అంది. గొంతులో తేనె ఉంది, కాకపోతే కన్నీళ్ళతో కలిసి ఉంది. "నీ మాటంటే ఆ డాక్టరుకి గురట కదా. పిల్లాడు తెలియక చేసుంటాడు. నువ్వే పెద్దవాడివి, నువ్వొక్క మాట చెబితే..."

"చూస్తాలెండి అత్తయ్యా" అన్నాడు పెద్దల్లుడు. పెద్దమనిషి గొంతుతోనే అన్నాడు. ఫోను పెట్టేసి పళ్ళెంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

శుక్రవారం పొద్దున, చిన్నల్లుడు రాకముందే ఆ రూలు పెట్టేద్దామని కూర్చున్నాడు. ఈ హడావిడిలో ఇంకా పెట్టనేలేదు కదా! పాలసీల తెర తెరిచి డ్రాఫ్టుల్లో వెతికాడు. లేదు. పైకీ కిందికీ చూశాడు. రూలు అమల్లో ఉంది. బుధవారం సాయంత్రం నుంచీ ఉంది. బ్యాకప్పులు పచ్చగా నడుస్తున్నాయి. తను పెట్టలేదు. మరి...

"నేనే పెట్టాను" అన్నాడు చిన్నల్లుడు తలుపు దగ్గర. చేతిలో టీ లేదు, తాళాల గుత్తి ఉంది. "మీరు పెట్టె పనిలో ఉన్నారని, మినహాయింపు నేను రాద్దామని తెరిచాను. రాసిపెట్టే ఉంది. ఎవరు రాశారో, ఏ రోజు రాశారో అందులోనే ఉంటుంది కదా అన్నయ్యా."

బుధవారం. అంటే నిన్న మీటింగులో ఇతనికి తెలుసు. తను "నిన్ననండి" అన్నప్పుడు ఇతనికి తెలుసు.

"ఒక్క అక్షరం మార్చలేదు," అన్నాడు చిన్నల్లుడు. "ఆ సంతకంతో కట్టిన పద్ధతి, అంత జాగ్రత్తగా నాకు వచ్చేది కాదు. నేనైతే ఫోల్డరు వదిలేసేవాణ్ణేమో. చాలా బాగా రాశారు."

ఇన్నాళ్ళూ ఈ ఆసుపత్రిలో తన పని చదివి, అర్థం చేసుకుని, బాగుందన్నవాళ్ళు ఎవరూ లేరు. అన్నవాడు వీడు. ఇప్పుడన్నాడు.

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"చెబితే అక్కాచెల్లెళ్ళు జన్మలో మాట్లాడుకోరు. అందుకని ఊరుకున్నాను. నేనేదో మంచివాణ్ణనుకోకండి, నాకు మీ మొహం చూడబుద్ధి కావడం లేదు." తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు. "ఒక్కటి అడుగుతాను. పాత సర్వరు మీద పరీక్ష కూడా చేశారు, నడిచింది. మీట ఎందుకు నొక్కలేదు?"

పెద్దల్లుడు అబద్ధం కోసం వెతుక్కున్నాడు. ఒక్కటీ దొరకలేదు.

"నువ్వు పెద్ద డాక్టరుతో నవ్వుకుంటూ వెళ్తున్నావు" అన్నాడు.

చిన్నల్లుడు తలుపు వైపు తిరిగాడు. "ఆ రోజు ఆయన దేనికి నవ్వుతున్నాడో కూడా నాకు గుర్తులేదన్నయ్యా" అని వెళ్ళిపోయాడు.

తాళాలు బల్ల మీదే ఉన్నాయి. కిటికీ గది తాళం కూడా అందులో ఉంది. పెద్దల్లుడు వాటిని ఒకసారి చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేసి, లేచాడు. నడవాలో వెళ్తుంటే కడుపులో మంట ఆరిందనుకుంటున్నారా? లేదు. ఇప్పుడు తను వెళ్ళి చెబితే మళ్ళీ వాడే మంచివాడవుతాడు, మళ్ళీ వాడికే భుజం మీద చెయ్యి, అత్తగారి తేనె మళ్ళీ వాడికే. అదంతా అనుకుంటూనే నడిచాడు. బెంచీ మీద ఇవాళ ఇద్దరే ఉన్నారు. డ్రైవరు లేడు, అతను కూర్చున్న చోట బెంచీ కింద వాంతికి పట్టే ప్లాస్టిక్కు గిన్నె ఒకటి ఎవరూ తియ్యకుండా ఉండిపోయింది. పెద్దల్లుడు వంగి దాన్ని తీసి, చెత్తడబ్బాలో వేసి, చేతులు కడుక్కుని, పెద్ద డాక్టరు తలుపు తట్టాడు.

ఆయన తెర మీద ఎవరిదో స్కాన్ చూస్తున్నాడు. తల తిప్పకుండానే, "రావయ్యా రా. బ్యాకప్పు నడుస్తోందా?" అన్నాడు.

"నడుస్తోందండి," అన్నాడు పెద్దల్లుడు. "సోమవారమే నడిచేది."

పెద్ద డాక్టరు ఇటు తిరిగాడు. కళ్ళజోడు తీసి, కుర్చీ చూపించాడు. పెద్దల్లుడు కూర్చోలేదు.